టమాటాలు ఎర్రబడేదాకా ఆగాలా, ద్వీపానికి వెళ్లాలా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం టమాటాలవే. జూలై చివరికి వచ్చేసరికి బ్రిటన్‌లో అలాట్‌మెంట్ (కూరగాయలు పండించుకోవడానికి అద్దెకిచ్చే చిన్న తోట జాగా) ఉన్న మనవాళ్లందరికీ ఒకేసారి రెండు బెంగలు పట్టుకుంటాయి. కాయ ఇంకా ఎందుకు ఎర్రబడలేదని ఒకటి, పిల్లల సెలవులకు ఊరెళ్తే మొక్కలకు నీళ్లెవరు పోస్తారని రెండోది. మిగతా ఉత్తరాలు స్కాట్లాండ్ ద్వీపాల గురించి. రెండూ కలిపి అడిగినవాళ్లు కూడా ఉన్నారు, వాళ్లతోనే మొదలుపెడతాను.

ప్రశ్న (రీడింగ్ నుంచి ఒక పాఠకురాలు): అక్కా, మూడేళ్లు వెయిటింగ్ లిస్టులో ఉన్నాక ఈ ఫిబ్రవరిలో మాకు అలాట్‌మెంట్ దొరికింది. ఆ సంతోషంలో 32 టమాటా మొక్కలు పెట్టేశాం. ఆగస్టు 9 నుంచి పది రోజులు మల్ ద్వీపంలో కాటేజీ బుక్ చేసి ఉంది, డబ్బు కూడా కట్టేశాం. ఇప్పుడు మా వారేమో కాయలన్నీ సరిగ్గా అప్పుడే పండుతాయి, ఈసారికి ట్రిప్ మానేద్దాం అంటున్నారు. పిల్లలు ఏడుపు. ఏం చేయమంటారు?

జవాబు: వెళ్లండి. దీనికి రెండో జవాబు లేదు.

నేనూ ఒక ఏడాది మీ వారిలాగే ఆలోచించి సెలవు మానుకుని టమాటాలకు కాపలా కాశాను. ఆగస్టు మూడో వారంలో నాలుగు రోజులు ఆగకుండా ముసురు పట్టింది, బ్లైట్ తెగులు వచ్చింది, వారం తిరిగేలోపు మొక్కలన్నీ గోధుమరంగు గుడ్డపేలికల్లా వేలాడాయి. నేను ఊళ్లో ఉండి ఏం చేశాను? పక్కన నిలబడి చూశాను. ఆ ముందు ఏడాది ఆరన్ ద్వీపానికి వెళ్లినప్పుడు మాత్రం తిరిగొచ్చేసరికి మొక్కలు నిక్షేపంలా ఉన్నాయి. ఈ దేశంలో ఆరుబయట టమాటా వేయడమంటే వానతో పందెం కాయడమే, మనం ఊళ్లో ఉంటే గెలుస్తాం, లేకపోతే ఓడిపోతాం అని ఏమీ లేదు.

వెళ్లే ముందు వారంలో చేయాల్సిన పనులు మాత్రం ఉన్నాయి. కర్రకు కట్టి ఒకే కాండంగా పెంచుతున్న రకాలైతే (వీటినే ఇక్కడ కార్డన్ అంటారు) నాలుగు గెలలు నిలబడ్డాక తల తుంచేయండి. ఆరుబయట అంతకు మించి పండవు, పైన ఎంత పూత వచ్చినా అది మనల్ని మురిపించడానికే. ఆకు మొదట్లో వచ్చే పక్క పిలకలు కూడా గిల్లేయండి, పది రోజులు వదిలేస్తే అవే చిట్టడవి అవుతాయి. పొదలా పెరిగే రకాలకు ఈ తుంచుడు అక్కర్లేదు, వాటిని తుంచితే కాపే పోతుంది. అందుకే విత్తనాల కవరు మీద ఏముందో ఒకసారి చూడండి, కవరు పారేసుంటే ఆ రకం పేరు నెట్‌లో వెతకండి.

తర్వాత రంగు తిరిగిన కాయ ప్రతిదీ కోసేయండి. పూర్తిగా ఎర్రబడక్కర్లేదు. ఆకుపచ్చ పోయి కాస్త తెలుపు, కాస్త నారింజ ఛాయ వచ్చిందంటే ఆ కాయ ఇక తల్లి మీద ఆధారపడి లేదని అర్థం, గిన్నెలో పెట్టినా పండుతుంది. రుచి తగ్గుతుందేమోనని భయపడొద్దు, ఆ దశ దాటాక కోసినదానికి తేడా పెద్దగా తెలియదు. ఒక అట్టపెట్టెలో పేర్చి కారులో పెట్టుకుపోండి. మల్ ఫెర్రీ ఎక్కే ఒబాన్ చేరేసరికి సగం పండుతాయి, మిగతావి కాటేజీలో పప్పులోకి. టమాటాలను ద్వీపానికి తీసుకెళ్లొద్దని ఎవరూ అనలేదు కదా!

నీళ్ల సంగతి. నేలలో ఉన్న మొక్కలకు కుండీ మొక్కలంత గండం ఉండదు. బయల్దేరే ముందురోజు సాయంత్రం ఒక్కో మొక్క మొదట్లో నింపాదిగా, నేల లోపలిదాకా తడిసేలా పోసి, పైన ఎండుగడ్డో కంపోస్టో నాలుగంగుళాల మందాన కప్పండి, కాండానికి తగలకుండా. చాలా అలాట్‌మెంట్లలో పైపు తిప్పి వదిలేసి వెళ్లడం నిషేధం కాబట్టి టైమర్లు పెట్టాలన్న ఆలోచన చేయకండి. పక్క ప్లాటు పెద్దాయనను అడగండి. అడిగేటప్పుడు "నీళ్లు పోస్తారా" అని మొహమాటంగా నసగకుండా "పండినవన్నీ మీరే కోసుకోండి, వారానికి రెండుసార్లు నీళ్లు పోస్తే చాలు" అనండి. కోసేవాళ్లుంటే మొక్కకూ మంచిదే, పండ్లు పగిలి కుళ్లి తెగుళ్లు అంటించకుండా ఉంటాయి. మా పక్క ప్లాటు ఆవిడకు నేను పచ్చడి సీసా ఇస్తాను, ఆవిడ దాన్ని చీజ్ సాండ్‌విచ్‌లో పూసుకుని తింటుంది, నేనేమీ అనను.

ఇంకోమాట, 32 మొక్కలు నలుగురికి మరీ ఎక్కువ. కాలం కలిసొస్తే ఆరుబయట కూడా ఒక్కో మొక్క రెండు కిలోల దాకా కాస్తుంది. వచ్చే ఏడాది పన్నెండు చాలు, మిగతా చోట మెంతికూర, తోటకూర చల్లుకోండి.

ప్రశ్న (అమ్మాయి దగ్గరికి లండన్ వచ్చిన ఒక తెనాలి రైతు): అమ్మా, ఇక్కడ ప్లాటుకు పది రాడ్లు అంటున్నారు. మన లెక్కలో ఎన్ని సెంట్లు? మా అల్లుడికి తెలియదట. ఇంత కూరగాయ పండుతోంది, ఇంటికి వాడుకోగా మిగిలింది ఎవరికైనా అమ్మితే తప్పా?

జవాబు: బాబాయి గారూ, మీ అల్లుడిగారిని ఏమీ అనకండి, ఇంగ్లిషువాళ్లలోనే చాలామందికి రాడ్ అంటే తెలియదు. ఒక రాడ్ అంటే ఐదున్నర గజాల పొడవు. ఆ కొలతతో నాలుగు వైపులా గీస్తే 30.25 చదరపు గజాలు. పది రాడ్లు అంటే 302.5 చదరపు గజాలు. మన సెంటు 48.4 చదరపు గజాలు కాబట్టి సరిగ్గా ఆరుంపావు సెంట్లు. మనకూ సెంటు, ఎకరం ఇచ్చింది వీళ్లే కదా, అందుకే లెక్క ఇంత నున్నగా కుదిరింది. ఇప్పుడు చాలాచోట్ల కొత్తవాళ్లకు ఇందులో సగమే, ఐదు రాడ్లే ఇస్తున్నారు.

అమ్మకం గురించి. ఇంగ్లండ్‌లో 1922 నాటి అలాట్‌మెంట్ చట్టం ప్రకారమే ఈ స్థలం ప్రధానంగా సాగుదారు తన కోసం, తన కుటుంబం కోసం కూరగాయలు, పండ్లు పండించుకోవడానికి. వ్యాపారానికి కాదు. కొన్ని కౌన్సిళ్లు మిగిలిన కొద్దిపాటి పంటను తోట నిర్వహణ ఖర్చుల కోసం గేటు దగ్గర అమ్ముకోనిస్తాయి, కొన్ని అదీ ఒప్పుకోవు. మీ అమ్మాయి సంతకం చేసిన ఒప్పంద పత్రంలో ఉంటుంది, చదివించుకోండి. గుడికో, పక్కింటికో ఊరికే ఇవ్వడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అన్నట్టు 1950 చట్టం కోళ్లను పెంచుకోనిస్తుంది, పుంజును మాత్రం ఒప్పుకోదు. మీకు ఆ ఆలోచన కూడా వచ్చే ఉంటుందని రాస్తున్నా.

ప్రశ్న (కొవెంట్రీ నుంచి): కాయ పైనంతా బాగానే ఉంది, అడుగున మాత్రం నల్లగా తోలులా అయిపోతోంది. మందు ఏం కొట్టాలి?

జవాబు: ఏ మందూ వద్దండీ, అది తెగులు కాదు. కాయ చివరిదాకా కాల్షియం అందకపోతే అలా అవుతుంది, అందకపోవడానికి కారణం చాలావరకు నేలలో కాల్షియం లేక కాదు, నీళ్లు ఒకరోజు వరద, నాలుగు రోజులు కరువు అన్నట్టు పోయడం. గ్రోబ్యాగుల్లో, కుండీల్లో ఇది ఎక్కువ. నల్లబడినవి తీసేసి, రోజూ ఒకే తీరున నీళ్లు పోయండి, తర్వాతి గెలలు బాగుంటాయి. నల్లభాగం కోసేసి మిగతాది కూరలో వేసుకోవచ్చు, ఏమీ కాదు.

ప్రశ్న (లెస్టర్ నుంచి): మా అమ్మ చేసినట్టే ఎండు టమాటా నిల్వ పచ్చడి పెట్టాను. రెండుసార్లు పాడైంది. ఒకసారి బూజు, ఇంకోసారి తియ్యగా జామ్‌లా వచ్చింది. ఇక్కడ ఎండ లేదు సరే, టమాటాలో కూడా ఏమైనా తేడానా?

జవాబు: రెండింటిలోనూ తేడానే అమ్మా. మీ అమ్మగారు వాడింది పుల్లటి నాటు టమాటా, మే నెల గుంటూరు ఎండ. మీరు వాడింది ఏ చెర్రీ రకమో అయ్యుంటుంది. సన్‌గోల్డ్ లాంటివి పిల్లలు చాక్లెట్లలా తినడానికి పుట్టినవి, వాటితో పచ్చడి పెడితే జామ్ కాక ఏమవుతుంది? ఇక మనీమేకర్ లాంటివి పులుపు తక్కువ, నీళ్లు ఎక్కువ. పచ్చడి కోసమే పెంచేటట్టయితే రోమా, సాన్ మర్జానో లాంటి కోల రకాలు వేయండి, గుజ్జు ఎక్కువ, గింజ తక్కువ. గ్రీన్‌హౌస్ ఉంటే ఇంకా మంచిది, ఇవి కాస్త ఆలస్యంగా పండుతాయి.

ఇప్పుడు ఎండ సంగతి. ఇక్కడి ఎండను నమ్మి ముక్కలు బయట పెట్టి ఆఫీసుకు వెళ్లకండి, నేను వెళ్లాను, వచ్చేసరికి పళ్లెంలో వాన నీళ్లు, వాటిలో ఒక నత్త. ఓవెనే మన మేడ. కిలో పండు టమాటాలు కడిగి, ఒక్క చుక్క తడి లేకుండా తుడిచి, ముక్కలు కోసి, 75 గ్రాముల ఉప్పు, అరచెంచా పసుపు కలిపి జాడీలో మూతపెట్టి రెండు రోజులు ఉంచండి. ఇక్కడ వంటగది చల్లగా ఉంటుంది కాబట్టి మూడో రోజు కూడా ఫరవాలేదు. తర్వాత ముక్కలు పిండి, ఊట వేరుగా తీయండి. ముక్కలను ట్రేలో విడివిడిగా పరిచి ఓవెన్‌లో 100 డిగ్రీల మీద, తలుపు సందులో చెక్కగరిటె ఒకటి పెట్టి ఆవిరి పోయేలా ఉంచండి. మూడు గంటలు పట్టొచ్చు, ఐదు పట్టొచ్చు, ఒరుగుల్లా సాగుతూ వంగాలి, కరకరలాడకూడదు. అదే టైములో ఊటను స్టీలు గిన్నెలో మరగబెట్టి సగానికి ఇగరనిచ్చి, దింపాక అందులో గింజా పీచూ తీసిన 100 గ్రాముల చింతపండు నానేయండి. మన దగ్గరైతే 75 గ్రాములు సరిపోయేది, ఇక్కడి టమాటా తీపికి ఇంకాస్త కావాలి.

చల్లారాక అన్నీ కలిపి మిక్సీలో కచ్చాపచ్చాగా తిప్పి, 80 గ్రాముల కారం, వేయించి కొట్టిన మెంతిపొడి ఒక చెంచా, ఆవపొడి రెండు చెంచాలు కలపండి. నువ్వులనూనె పావు లీటరుకు తక్కువ వద్దు, ఆరోగ్యం గురించి బెంగపడేవాళ్లు పచ్చడి తక్కువ తినాలి గానీ నూనె తక్కువ పోయకూడదు. పోపు బాగా చల్లారాకే కలపండి. బూజు ఎందుకొచ్చిందంటారా, ముక్క సరిగ్గా ఎండకపోవడం, ఉప్పు తగ్గించడం, తడి చెంచా. ఈ మూడిట్లో ఒకటి, లేదా మూడూ. ఎంత బాగా పెట్టినా ఇక్కడి పచ్చడిని ఫ్రిజ్‌లోనే ఉంచమంటాను, ముఖ్యంగా వెల్లుల్లి వేస్తే.

ప్రశ్న (బ్రిస్టల్ నుంచి): నిన్నటిదాకా బాగున్న ఆకుల మీద ఒక్కసారిగా గోధుమరంగు మచ్చలు, కాండం మీద నల్లచారలు. పక్కవాళ్లు వచ్చి "బ్లైట్, వెంటనే పీకేయండి" అని కొంచెం గట్టిగానే చెప్పి వెళ్లారు. కిలోలకొద్దీ పచ్చికాయలున్నాయి. నిజంగా పీకేయాలా? కన్నీళ్లొస్తున్నాయి.

జవాబు: పక్కవాళ్లు చెప్పింది నిజమే, చెప్పిన తీరు సంగతి వదిలేయండి. ఇది బంగాళాదుంపకూ టమాటాకూ కలిపి వచ్చే తెగులు, 1845లో ఐర్లండ్‌లో బంగాళాదుంప పంటను తుడిచిపెట్టి కరువు తెచ్చింది ఇదే. అందుకే ఇక్కడి ముసలివాళ్లకు ఆ పేరు వింటేనే కంగారు. గాలిలో, వాన తుంపరలో పాకుతుంది, మీ మొక్క నుంచి తోటంతా. పెరటి తోటల్లో కొట్టుకోవడానికి దీనికి మందులేవీ ఇప్పుడు అమ్మకంలో లేవు. ఎప్పుడొస్తుందో ఊహించడానికి మాత్రం ఒక లెక్క ఉంది, హటన్ ప్రమాణం అంటారు. వరుసగా రెండు రోజులు కనీస ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు తగ్గకుండా, రెండు రోజుల్లోనూ కనీసం ఆరు గంటలు గాలిలో తేమ 90 శాతం పైన ఉంటే ముప్పు పొంచి ఉన్నట్టే. ఇక్కడి ఆగస్టులో ఇది ఎంత మామూలో మీకు తెలుసు.

ఏడవకుండా ఈ పని చేయండి. ఈరోజే వెళ్లి మచ్చ లేని కాయ ప్రతిదీ, ఎంత పచ్చిదైనా సరే, కోసుకొచ్చేయండి. మొక్కల్ని మొదలంటా పీకి, మీ తోట నియమం ఎలా ఉంటే అలా, కౌన్సిల్ పచ్చచెత్త డబ్బాలోనో తగలబెట్టడమో చేయండి, ఇంటి కంపోస్టు కుప్పలో వేయకండి. కోసుకొచ్చిన వాటిని ఒకదానికొకటి తగలకుండా కాగితం మీద పరిచి రెండు మూడు రోజులు గమనించండి, తెగులు లోపలే ఉంటే ఈలోగా బయటపడుతుంది, ఆ కాయలు పారేయాలి. మచ్చ ఉన్న కాయను కోసి బాగున్న సగం నిల్వపచ్చడిలో వేయాలన్న పొదుపు మాత్రం వద్దు.

మిగిలిన పచ్చికాయలు చూసి ఇంగ్లిషువాళ్లు దిగులుపడతారు, చట్నీ పేరుతో వెనిగరు, చక్కెర వేసి గంటలు గంటలు ఉడికిస్తారు. మనకు దిగులెందుకండీ? మన ఇళ్లల్లో పచ్చి టమాటాను కావాలని కొంటాం! పచ్చి టమాటా, పచ్చిమిర్చి నూనెలో మగ్గబెట్టి, వేయించిన నువ్వులు, జీలకర్ర, వెల్లుల్లి వేసి రోట్లోనో మిక్సీలోనో నూరితే, చింతపండు కూడా అక్కర్లేదు, వేడన్నంలో నెయ్యి వేసుకుని తింటే ఇంట్లో ఎవరూ మాట్లాడరు. పచ్చి టమాటా పప్పు, పచ్చి టమాటా పెసరపప్పు కూర, పచ్చి టమాటా కొబ్బరి పచ్చడి. ముక్కలు కోసి ఫ్రీజర్లో వేసుకుంటే డిసెంబరుదాకా పప్పులోకి వస్తాయి. నిజం చెప్పాలంటే నేనిప్పుడు ఎరుపు కోసం ఎదురుచూడటమే మానేశాను. సగం పంట పచ్చిగా ఉండగానే కోసుకుంటాను, బ్లైట్ వచ్చేసరికి నా తోటలో దానికి దొరికేది ఆకులే.

వచ్చే ఏడాదికి క్రిమ్సన్ క్రష్, మౌంటెన్ మ్యాజిక్ లాంటి తెగులు తట్టుకునే రకాలు వేయండి. పూర్తిగా రాదని కాదు, వచ్చినా నిలదొక్కుకుంటాయి.

ప్రశ్న (మిల్టన్ కీన్స్ నుంచి): అత్తయ్య, మామయ్య ఇండియా నుంచి వస్తున్నారు. ఆగస్టులో ఏదో ఒక స్కాట్లాండ్ ద్వీపానికి తీసుకెళ్లాలని ఉంది. వాళ్లు ఎక్కువ నడవలేరు, శాకాహారులు. పిల్లలకు పఫిన్ పక్షులు చూడాలని. ఏ ద్వీపం మంచిది? అక్కడ దోమలు కుట్టి చంపుతాయంటున్నారు, నిజమేనా?

జవాబు: మొదట చేదు వార్త. పఫిన్లు ఆగస్టు మొదటి వారానికల్లా సముద్రంలోకి వెళ్లిపోతాయి. మల్ పక్కన ట్రెష్‌నిష్ దీవుల్లో లంగా అనే దీవి ఉంది (పేరు విని పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి), అక్కడ పఫిన్లు మనిషికి రెండడుగుల దూరంలో నిలబడతాయి, కానీ అది మే నుంచి జూలై చివరిలోపు ముచ్చట. ఆగస్టులో తీసుకెళ్తానని మాటిచ్చి ఉంటే ఇప్పుడే ఆ మాట మార్చేసి, సీళ్లు, తెల్లతోక గద్దలు చూపిస్తానని చెప్పండి. ఆ గద్దలు బ్రిటన్‌లో పూర్తిగా అంతరించిపోతే 1975 నుంచి నార్వే నుంచి గద్దపిల్లలను తెచ్చి రమ్ ద్వీపంలో వదిలి మళ్లీ నిలబెట్టారు, ఇప్పుడు మల్‌లో బాగా కనిపిస్తాయి.

పెద్దవాళ్లతో అయితే నా ఓటు ఆరన్‌కి. గ్లాస్గోకి దగ్గర, ఫెర్రీ ప్రయాణం గంట అటూ ఇటూ, దిగేది బ్రోడిక్ ఊళ్లోనే. ద్వీపం చుట్టూ సుమారు 55 మైళ్ల రోడ్డు, కారు దిగకుండానే కొండలు, సముద్రం, కోట, పొలాలు అన్నీ కనిపిస్తాయి. నడవగలిగినవాళ్లకు 874 మీటర్ల గోట్ ఫెల్ ఉంది, మామయ్యగారికి కింద కాఫీ కొట్టు ఉంది.

మల్ ఇంకా అందంగా ఉంటుంది, కాదనను. ఒబాన్ నుంచి క్రెయిగ్‌న్యూర్‌కు ఫెర్రీ 50 నిమిషాల లోపే, టోబర్‌మొరీలో రేవు వెంబడి రంగురంగుల ఇళ్లు. కానీ అక్కడ దూరాలు మోసం చేస్తాయి. క్రెయిగ్‌న్యూర్ నుంచి అయోనా పడవ దొరికే ఫియన్‌ఫోర్ట్‌కు 37 మైళ్లే, గంటంపావు పైనే పడుతుంది, ఎందుకంటే చాలావరకు ఒక్క కారు పట్టే రోడ్డు. ఎదురుగా బండి వస్తే ఎడమవైపున్న పాసింగ్ ప్లేస్‌లో (దారివ్వడానికి రోడ్డును వెడల్పు చేసిన చోటు) ఆగాలి, అది కుడివైపు ఉంటే దాని ఎదురుగా మన వైపే ఆగాలి, అంతేగానీ అడ్డంగా కుడివైపుకు దూరకూడదు. అక్కడ ఫొటోల కోసం కారు పార్క్ చేసేవాళ్లను ఊరివాళ్లు మనసులో ఏమంటారో నాకు వాళ్ల గేలిక్ భాష రాకపోయినా తెలుసు. అయోనాకు పర్యాటకుల కార్లు వెళ్లవు, పడవ పది నిమిషాలు, దిగాక మెల్లగా నడిస్తే క్రీ.శ. 563లో సెయింట్ కొలంబా మఠం కట్టిన చోటు. పూజలూ పుణ్యక్షేత్రాలూ ఇష్టమైన అత్తయ్యగారికి అది నచ్చుతుందనే నా నమ్మకం, మా అత్తగారు అక్కడ గంటసేపు కదలకుండా కూర్చున్నారు. ఆవిడ మా ఇంట్లో ఎప్పుడూ అంతసేపు కూర్చోలేదు.

స్కై గురించి అడగలేదు గానీ చెప్తున్నా. 1995 నుంచి వంతెన ఉంది కాబట్టి ఫెర్రీ టెన్షన్ లేదు, ఆ కారణంగానే ఆగస్టులో జనం తిరనాళ్లలా ఉంటారు.

ఫెర్రీలో కారుకు టికెట్ నెలల ముందే బుక్ చేయాలి, ముందు ఫెర్రీ, తర్వాత కాటేజీ, ఈ వరుస తప్పితే అవస్థపడతారు. మనుషులకు సాధారణంగా చోటు దొరుకుతుంది, కారుకే కష్టం. గాలి ఎక్కువైతే ఫెర్రీలు రద్దవుతాయి, కాబట్టి అత్తయ్యగారి విమానం రోజుకూ ద్వీపం నుంచి తిరిగొచ్చే రోజుకూ మధ్య రెండు రోజులైనా ఖాళీ ఉంచండి.

ఇక మిడ్జెస్. దోమలు కావు, నుసి అంత ఉంటాయి, గుంపుగా వస్తాయి, నెత్తిమీద జుట్టులోకి కూడా దూరతాయి. గాలి వీస్తుంటే ఎగరలేవు, గంటకు ఏడెనిమిది మైళ్ల గాలి ఉంటే చాలు. కాబట్టి తెల్లవారి, సాయంత్రం, గాలి కదలని మబ్బు వేళల్లో, అడవి, వాగుల పక్కన జాగ్రత్త. సముద్రపు ఒడ్డున, గాలిలో హాయిగా ఉండొచ్చు. కాటేజీ వెతికేటప్పుడు చెట్ల మధ్య ముద్దుగా ఉన్నదాని కంటే గాలి తగిలే గట్టు మీదున్నది ఎంచుకోండి. గడ్డిలో నడిచొచ్చాక పిల్లల మోకాళ్ల వెనక, నడుము దగ్గర పిడుదులు ఉన్నాయేమో చూడటం మరవకండి, మిడ్జ్ దురదతో పోతుంది, పిడుదు జబ్బు అంటించగలదు.

ప్రశ్న (అదే ఇంటి నుంచి ఇంకో ఉత్తరం, ఈసారి కోడలుగారిది): వంట సంగతి చెప్పండి. వారం రోజులు అక్కడ ఏం వండుకోవాలి? దుకాణాలు ఉంటాయా?

జవాబు: ఉంటాయి, ఉల్లిపాయ, బంగాళాదుంప, పాలు, పెరుగు, బ్రెడ్ అన్నీ దొరుకుతాయి. కందిపప్పు, చింతపండు, కరివేపాకు దొరుకుతాయని మాత్రం ఆశ పెట్టుకోకండి. పోపులపెట్టె, కందిపప్పు, బియ్యం, ఇంగువ, రెండు సీసాల పచ్చడి, చిన్న కుక్కరు కారులో వేసుకుంటే వారం గడిచిపోతుంది. కరివేపాకు నూనెలో వేయించి డబ్బాలో పోసుకుపోండి, పాడవదు. కుక్కరు విషయంలో ఒకటి, ఆ ఇంట్లో ఇండక్షన్ పొయ్యి అయితే అల్యూమినియం కుక్కరు దాని మీద పనిచేయదు, ముందే అడిగి తెలుసుకోండి. పోపు వేసేటప్పుడు కిటికీ తీసి, పొయ్యి పైన ఫ్యాను పెట్టి, ఎండుమిర్చి ఆఖర్న వేయండి. మొదటిసారి మేము వెళ్లినప్పుడు సాయంత్రం ఏడింటికి చారు పోపుతో పొగ అలారం మోగి, ఎదురింటి ఆయన చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చాడు. చారు తాగి వెళ్లాడు.

రోడ్డు పక్కన చిన్న పెట్టెలు కనిపిస్తాయి, వాటిని ఆనెస్టీ బాక్స్ అంటారు. కోడిగుడ్లు, కేకులు, ఒక్కోసారి కూరగాయలు పెట్టి ధర రాసి డబ్బాలో డబ్బులు వేయమంటారు, మనిషి ఉండడు. పౌండు నాణేలు ఒక గుప్పెడు చిల్లర ఉంచుకోండి, అన్నిచోట్లా కార్డు పనిచేయదు. గుడ్డు కూడా తినని అత్తయ్యగారు కేకు ముట్టుకోరు గానీ రబర్బ్ కట్ట కనిపిస్తే వదలకండి. ఆకు విషం, పారేయాలి. ఎర్రటి కాడ మాత్రం చింతచిగురంత పులుపు, కందిపప్పులో వేసి వెల్లుల్లి పోపు పెడితే మామయ్యగారు ఏం ఆకుకూర అని అడుగుతారు. అలాట్‌మెంట్ ఉన్నవాళ్లయితే ఇది ఇప్పటికే కనిపెట్టే ఉంటారు, పాత ప్లాటు ఏది తీసుకున్నా మూల ఒక రబర్బ్ దుబ్బు తప్పకుండా ఉంటుంది.

ప్రశ్న (నాటింగ్‌హామ్ నుంచి, పదకొండేళ్ల పాఠకుడు): మా తాతయ్య ఐల్సా క్రెయిగ్ అనే టమాటా విత్తనాలు కొన్నారు. అది ఒక ద్వీపం పేరని మా టీచర్ చెప్పారు. ద్వీపానికి టమాటా పేరు పెట్టారా, టమాటాకు ద్వీపం పేరు పెట్టారా?

జవాబు: టమాటాకే ద్వీపం పేరు పెట్టారు నాన్నా. ఐల్సా క్రెయిగ్ అనే ఉల్లిపాయ కూడా ఉంది, తాతయ్యను అడిగి అదీ వేయించు. ఆ ద్వీపం స్కాట్లాండ్ పడమటి తీరంలో, సముద్రంలోంచి బోర్లించిన గిన్నెలా 338 మీటర్ల ఎత్తు లేచిన ఒక్క కొండ, ఎప్పుడో చల్లారిన అగ్నిపర్వతం లోపలి భాగం. ఆరన్ దక్షిణపు ఒడ్డు నుంచి మబ్బు లేని రోజున బాగా కనిపిస్తుంది. వింటర్ ఒలింపిక్స్‌లో మంచు మీద గుండ్రటి రాళ్లు జార్చే కర్లింగ్ ఆట చూశావా? ఆ రాళ్లకు వాడే గ్రానైట్ అక్కడిదే. ఒకప్పుడు ఓడల నుంచి వచ్చిన ఎలుకలు పఫిన్ల గుడ్లు తినేసి వాటిని అక్కడినుంచి వెళ్లగొట్టాయి, 1991లో ఎలుకలను తుదముట్టించాక పఫిన్లు మళ్లీ వచ్చాయి. మనుషులెవరూ అక్కడ కాపురం ఉండరు, లైట్‌హౌస్ కూడా 1990 నుంచి దానంతటదే వెలుగుతోంది. అంటే ఆ పేరున్న టమాటాను ఆ ద్వీపంలో పండించేవాళ్లు ఒక్కరూ లేరు. మీ తాతయ్య కాయలు పండాక ఒకటి కోసి, ఎరుపా పచ్చా అని చూడకుండా, ఎంత బరువుందో నాకు రాయి.